కిష్టప్ప ఉంచుకున్న పలుపు

మా బావ పెంటయ్య కల్లు తాగాలన్నా ముందు ముంతను వెలుతురుకు ఎత్తి చూస్తాడు. తర్వాత వాసన చూస్తాడు. ఆ తర్వాత పోసినవాడినే ఒక గుక్క తాగమంటాడు. వాడు తాగి, మూతి తుడుచుకుని, ఇంకా నిలబడే ఉన్నాడని చూసుకున్నాకనే తను కూర్చుంటాడు.

బావ అంటే మా ఆయన అంజయ్యకు అన్న, ఇంటికి పెద్ద. సదాశివపేట పశువుల అంగడిలో ఆయనను మోసం చేసినవాడు పుట్టలేదని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఎవరు ఎద్దును కొనాలన్నా ఆయనను బతిమాలి వెంట తీసుకుపోయేవాళ్లు. ఆయన పళ్లు చూసేవాడు, సుడులు చూసేవాడు, గిట్టలు తట్టి చూసేవాడు. అన్నిటికంటే ముందు అమ్మేవాడి ముఖం చూసేవాడు. అటువంటి మనిషి మాకు బాయిలర్ కొనిపెట్టాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పటాన్‌చెరులో ఎస్టీడీ బూతులు కొత్తగా పుట్టుకొస్తున్న రోజులవి. బొంబాయి రోడ్డు పక్కన మాకు మిగిలిన చిన్న నేల చెక్కలో టైర్ల షాపు నడిపేవాళ్లం. మిగతా పొలం ఉన్నా లేనట్టే. ఫ్యాక్టరీల విషం దిగి బోరులో నీళ్లు రంగు మారి, వరి నిలువునా ఎండిపోయింది. బావ ఆ నీళ్లను సీసాలో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఇవి మంచినీళ్లే పొమ్మని ఎవరో దొర నవ్వుతూ కాగితం రాసిచ్చాడు. అప్పటినుంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు, కాగితం చూపించేవాడు, నవ్వుతూ మాట్లాడేవాడు, ముగ్గురూ బావ దృష్టిలో దొంగలే. అందులో ఆయన తప్పు లేదని నేను కూడా ఒప్పుకుంటాను.

మా షాపు పని, అరిగిన లారీ టైరుకు కొత్త రబ్బరు ఎక్కించడం. లారీవాళ్లు రీబటన్ అంటారు. టైరు మీద రబ్బరు చుట్టి, ఇనుప అచ్చులో బిగించి, ఆవిరితో ఉడికించాలి. ఆ ఆవిరి కోసం డీజిల్‌తో మండే బాయిలర్ ఒకటి ఉండేది. గిరాకీతో మాట్లాడేది బావ, బాయిలర్ ముందు నిలబడేది మా ఆయన. బాయిలర్ రేకుల షెడ్డుకూ మా ఇంటికీ ఒకటే గోడ. చలికాలంలో ఆ గోడ వెచ్చగా ఉండేది. పిల్లలు దానికి వీపు ఆనించి కూర్చుని అన్నం తినేవాళ్లు. వేరే కుంపటి మాకు ఎప్పుడూ అక్కరపడలేదు.

ఒకరోజు పొద్దున మంట అంటుకోలేదు. మా ఆయన మీట మళ్లీ నొక్కాడు. అప్పటికే లోపల చేరిన డీజిల్ అంతా ఒక్కసారి అంటుకుని, తలుపులోంచి మంట బయటికి తన్నుకొచ్చింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు కాబట్టి కళ్లు దక్కాయి. కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. పెళ్లిలో మా నాయిన పెట్టిన వెండి కడెం ఆ చేతికే ఉంది. చెయ్యి వాచి, కడెం మాంసంలోకి దిగిపోతే, సంగారెడ్డి దవాఖానాలో పట్టకారుతో కోసి తీశారు. ఆయన అరవలేదు. పళ్లు బిగించి నా వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను.

గాయం మానాక కంసాలి దగ్గర కడెం అతికించి మళ్లీ తొడుక్కున్నాడు. పాత బాయిలర్ ఇక పనికిరాదని అందరం అనుకున్నాం. మళ్లీ ఏది కొన్నా, ఎక్కడ కొన్నా, దాని ముందు నిలబడేది మా ఆయనే. నాకు కావలసింది ఒక్కటే. అది మళ్లీ ఆయన మీదికి మంట కక్కకూడదు.

ఆ ముక్క బావతో చెప్పొచ్చుగా అంటారు. మా ఇంట్లో తమ్ముడి పెళ్లాం బావతో మాట్లాడదు. కోపం కాదు, అది పద్ధతి. ఆయన వస్తే లేచి నిలబడాలి, కొంగు సర్దుకోవాలి, తలుపు చాటుకు పోవాలి. ఏదైనా చెప్పాలంటే ఆయన భార్య కౌసల్యక్కకు చెబితే ఆమె ఆయనకు చెబుతుంది. పెళ్లయి వచ్చిన నాటినుంచి నేను బావకు అన్నం పెట్టాను, మంచంలో పడితే గంజి కాచి ఇచ్చాను, ఒక్క మాట మాట్లాడలేదు. నేను చెప్పింది అక్క నోట్లో పడి ఆయన చెవికి చేరేసరికి సగం మిగిలితే గొప్ప. అక్కకు ఇష్టం లేనిదైతే అసలు చేరదు.

మొదట వచ్చింది సూర్యారావు. పటాన్‌చెరులో కొత్త బాయిలర్లు అమ్మే ఆఫీసు ఆయనది. చొక్కాకు మడత నలగలేదు, నవ్వు ముఖం నుంచి దిగలేదు. ఇంకేముంది, రెండు నేరాలూ అక్కడే రుజువైపోయాయి. నేను పరదా వెనక చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను.

సూర్యారావు జేబులోంచి బొటనవేలంత వస్తువు ఒకటి తీశాడు. ముందు చిన్న గాజు, వెనక రెండు తీగలు.

"ఇది కన్ను లాంటిదండి పెంటయ్యగారూ. లోపల మంట ఉందో లేదో ఇది చూస్తూ ఉంటుంది. మంట కనపడలేదనుకోండి, ఆయిల్ ఆపేస్తుంది. లోపల ఆయిల్ చేరదు, తలుపులోంచి మంట రాదు."

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగ మండే బాయిలరుకు కావలి ఎందుకయ్యా?"

"ఎంత మంచిదైనా ఒక్కోసారి ఆరిపోతుంది కదండీ. మీ తమ్ముడుగారి చెయ్యి కాలింది అలాగే."

బావ ఆ కన్నును బల్ల మీద పెట్టేశాడు. ఇక ఆయన ఒక్క మాట వినలేదని నాకు పరదా వెనక నుంచే తెలిసింది. సూర్యారావు చాయ్ తాగి, దండం పెట్టి, స్కూటర్ ఎక్కి పోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా బావ చూస్తూ నిలబడ్డాడు.

"తమ్మీ, నీ చెయ్యి కాలిన ముచ్చట వీనికెట్ల ఎర్క?"

"నాకేం తెల్వదన్నా," అన్నాడు మా ఆయన తల వంచుకుని.

"పూరా చేతుల అంగీ తొడుక్కున్నవ్. కాలింది కనబడది. మరి ఎవలు చెప్పిండ్రు?"

మా ఆయనకు అబద్ధం ఆడటం రాదు. ఆడినప్పుడు చెవులు ఎర్రబడతాయి. అవి ఎర్రబడటం బావ చూశాడు, నేనూ చూశాను. నాకు కూడా అనుమానం వచ్చింది. ఈయన ఆ సూర్యారావుతో లోపాయికారీగా ఏం మాట్లాడుకున్నాడు, నాకు కూడా చెప్పకుండా?

మర్నాడు బట్టలు ఉతుకుతుంటే ఆయన చొక్కా జేబులో సూర్యారావు పేరున్న కార్డు దొరికింది. తడి చేతులతోనే పట్టుకుపోయి ఆయన ముందు పెట్టాను.

"ఏందిది?"

"ఆయన ఆఫీసుకు పోయిన."

"ఎందుకు?"

"గా దినం మంట గట్ల ఎందుకొచ్చిందని అడుగనీకె. మళ్ల రాకుంట ఏం చెయ్యాలని అడిగిన."

"గా ముక్క మీ అన్నకు చెప్పొద్దా?"

"అన్నకు చెప్తే ఏమంటడు? భయపడ్డవారా అంటడు."

"భయపడ్డవా?"

ఆయన ఉతికిన బట్టల బకెట్ తీసుకుని పోయి దండెం మీద ఆరేయడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో మగవాళ్లు బట్టలు ఆరేయరు. అదే నాకు జవాబు.

అనుమానపడ్డందుకు సిగ్గు వేసింది. వెంటనే కౌసల్యక్క దగ్గరికి పోయాను. "అక్కా, కన్నున్న బాయిలరే తీసుకొమ్మని చెప్పు. ఎక్కడ తీసుకున్నా మంచిదే, కన్ను మాత్రం ఉండాలె," అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. అక్క తల ఊపింది. ఆమె బావకు చెప్పిన మాట మాత్రం ఇది: "రాధకు సూర్యారావు తెచ్చే కొత్తదే కావాల్నంట." ఇక చూసుకోండి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఆ నవ్వుల సూర్యారావు జేబులో ఉన్నారని బావకు ఖాయమైపోయింది. ఆ పూట నుంచి నేను పెట్టిన కూరను కూడా వేలితో కదిపి చూసి తిన్నాడు.

తర్వాత అన్నదమ్ములిద్దరూ పటాన్‌చెరులో పాత ఇనుప సామాను అమ్మేవాడి దగ్గరికి పోయారు. అక్కడ ఒక బాయిలర్‌కు నీలం రంగు వేసి, దండ వేసి నిలబెట్టారట. బావ గోటితో గీకితే రంగు కింద తుప్పు, తుప్పు చిల్లుల్లో నింపిన మైనం బయటపడ్డాయట. "ముసలెద్దు కొమ్ములకు రంగేసి అంగడికి తెచ్చినట్టున్నది," అని ఆయన అక్కడే ఉమ్మేసి వచ్చాడట. ఆ విషయంలో ఆయన చేసింది న్యాయమే. ఆయన కన్ను మంచిదే. అది దేని మీద పడాలో దాని మీద పడలేదు, అంతే.

మూడోది కాజీపల్లిలో దొరికింది. కిష్టప్ప అని జహీరాబాద్ వైపు మనిషి, సబ్బుల షెడ్డు పెట్టి, నడవక మూసేశాడు. అతని బాయిలర్ చూసి వచ్చిన రోజు బావ కాళ్లు కడుక్కుంటూ నవ్వాడు. ఆయన నవ్వు చూసి అక్క చెంబు అక్కడే పెట్టేసింది.

"మనిషంటే గట్లుండాలె," అన్నాడు బావ. "కొను కొను అని ఎంట పడలే. రంగెయ్యలే. ఎందుకు అమ్ముతున్నవయ్యా అంటే కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. దాని మీద చెయ్యేసి తడిమిండు. ఇంక నన్నే అడిగిండు, దీని ముందట ఎవలు నిలబడ్తరు పటేలా అని. ఇంట్ల పుట్టిన కోడెను అమ్మేటోడు అడిగినట్టు అడిగిండు. రైతుబిడ్డ."

నేను మా ఆయనను పక్కకు పిలిచి, కన్ను ఉందా అని అడిగాను.

"ఉండే జాగ ఉన్నది. దగ్గరికి పోయి చూడనీకె కాలే. అన్న పక్కపొంటి ఉన్నడు."

"చూస్తే ఏమైతది?"

"సూర్యారావు చెప్పిన ముచ్చటే పట్టుకున్నవా అంటడు."

నాకు ఆ కిష్టప్ప మీద అప్పుడే అనుమానం పుట్టింది. ఏడ్చే మగవాడిని నమ్మకూడదని కాదు. మా బావ ఎట్లాంటి మనిషో తెలుసుకుని ఏడ్చినట్టు అనిపించింది. అయితే చూడని మనిషి గురించి ఏం చెప్పగలను, ఎవరితో చెప్పగలను?

బాయిలర్‌ను లారీ ఎక్కించే రోజు బావ మా ఆయనతో పాటు నన్నూ కౌసల్యక్కనూ వెంట తీసుకుపోయాడు. ఎద్దును కొని తోలుకొచ్చేటప్పుడు ఇంటి ఆడవాళ్లు దాని నొసట బొట్టు పెట్టాలి కదా, అందుకు. మనవాళ్లకు ఇనుమైనా ఒకటే, ఎద్దైనా ఒకటే. కిష్టప్ప సన్నగా, పొడుగ్గా, మెడలో తువ్వాలుతో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి, "రాండ్రి తల్లీ, మీ ఇంటికి పోతున్నది, మంచిగ చూసుకోండ్రి," అన్నాడు. కౌసల్యక్క అప్పుడే కరిగిపోయింది.

అక్క బాయిలర్ పొట్ట మీద పసుపు రాసి బొట్లు పెట్టింది. నన్ను తలుపు మీద పెట్టమంది. నేను వంగి కుంకుమ పెడుతుంటే, తలుపు పక్కనే బొటనవేలు పట్టేంత రంధ్రం కనిపించింది. అందులో ఏమీ లేదు. పక్కన రెండు తీగలను మెలిపెట్టి ఒకదానికొకటి కలిపి, నల్ల టేపు చుట్టారు. నా వేలు అక్కడే ఆగిపోయింది. తల తిప్పి చూస్తే మా ఆయన నన్నే చూస్తున్నాడు. ఆయన కూడా చూశాడని నాకు అర్థమైంది.

అంతలో బావే ఇటు వచ్చాడు. ఆయన కంటికి కనపడనిది ఏముంది? వంగి చూసి, రంధ్రంలో వేలు పెట్టాడు.

"కిష్టప్పా, గీడ ఏందో ఉండాలె. ఏదది?"

నా ప్రాణం లేచొచ్చింది. పట్టుకున్నాడు, ఇక వదలడు అనుకున్నాను. మనసులో ఆయన కాళ్లకు మొక్కాను కూడా.

కిష్టప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, నేల చూశాడు.

"అదొక్కటి ఇయ్యలేను పటేలా," అన్నాడు.

బావ అతని ముఖం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నేను ఊహించనిది జరిగింది. ఆయన ముఖం మెత్తబడింది.

"పలుపా?" అన్నాడు నెమ్మదిగా.

కిష్టప్పకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ క్షణం నేను కళ్లారా చూశాను. తర్వాత అతను తల వంచి, "అవు పటేలా. గట్లనే అనుకో," అన్నాడు.

పలుపు సంగతి మా వైపు పశువులు ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. ఎద్దును అమ్మినా దాని మెడకున్న పలుపుతాడు అమ్మరు. విప్పి ఇంటికి తీసుకుపోయి దొడ్లో తగిలిస్తారు. అది పోతే దొడ్డి కళ పోతుందని భయం. పలుపుతో సహా ఇచ్చేశాడంటే ఆ ఎద్దును వదిలించుకుంటున్నాడని లెక్క. పలుపు ఇవ్వనన్నవాడే నిజమైన రైతు. మా బావ జీవితమంతా నమ్మింది ఈ ఒక్క గుర్తునే. అందుకని ఆయన కిష్టప్ప భుజం మీద చెయ్యి వేసి, "ఉంచుకో. నీ దొడ్డి మళ్ల నిండాలె," అన్నాడు.

నేను అక్క చెవిలో గొణిగాను. "అక్కా, అది పలుపు కాదు. సూర్యారావు చూపిచ్చిన కన్ను గదే. బావకు చెప్పు."

"ఊకో. మంచి యాల గిట్ల అపశకునం మాటలేంది?"

"అక్కా, నీకు దండం పెడ్త. చెప్పు."

"ఇంటికి పోయినంక చెప్త తియ్యి."

ఆమె చెప్పదు. మా ఆయన వైపు చూశాను. ఆయన లారీకి గొలుసు బిగించడంలో మునిగిపోయినట్టు నటిస్తున్నాడు. అప్పుడు నాకు ఒక్కరి మీద కాదు, అందరి మీదా కోపం వచ్చింది. లోకమంతటినీ అనుమానించి ఒక్క అబద్ధాన్ని చంకన పెట్టుకున్న బావ మీద, నోరుండీ పెదవి కదపని మా ఆయన మీద, మోయాల్సిన మాటను మధ్యలో పడేసే అక్క మీద. అన్నిటికంటే ఎక్కువగా, ఆ పద్ధతి అనే తలుపు చాటున నిలబడి కొంగు సర్దుకుంటున్న నా మీద.

బాయిలర్ వచ్చింది, గొట్టాలు కలిపారు, నీళ్లు పట్టారు. ముట్టించడానికి మంచిరోజు చూశారు. ఆ నాలుగు రోజులూ నేను మా ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. ఆయన ఒకటే మాట: "అన్న ఇంత తిరిగి, ఇంత చూసి కొన్నడు. కొన్నంక వంక పెడితే అన్న ముఖం ఏం కావాలె?" అన్న ముఖం చిన్నబోకూడదట. తన ముఖం కాలిపోయినా సరే. ఇట్లాంటి మర్యాద ఏ దేవుడు నేర్పాడో నాకు తెలియదు.

ఆ రోజు పొద్దున షెడ్డు ముందు ముగ్గు వేశాం. నిమ్మకాయలు కట్టారు. రెండు లారీల డ్రైవర్లు టైర్లు దించుకుని చూస్తూ నిలబడ్డారు. బావ కొత్త పంచె కట్టుకుని, కొబ్బరికాయ చేతిలో పట్టుకుని ఉన్నాడు. నేను గోడ పక్కన హారతి పళ్లెం సర్దుతున్నాను.

మా ఆయన నా దగ్గరికి వచ్చాడు. చొక్కా చెయ్యి కొంచెం పైకి జరిపి, కుడిచేతి కడెం మెల్లగా జార్చి తీశాడు. నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూశాడు.

"జెర పైలంగ పెట్టు," అని వెనక్కి తిరిగాడు.

ఎందుకు ఇచ్చాడో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. మళ్లీ పట్టకారు అవసరం పడకుండా ముందుగానే తీసి ఇచ్చి పోతున్నాడు. అంటే కాలుతుందని ఆయనకు తెలుసు. తెలిసీ పోతున్నాడు.

ఆ ఇచ్చిపుచ్చుకోవడం బావ చూశాడు. చూడకుండా ఉంటాడా? కళ్లు చిన్నవి చేసి అక్కను పిలిచాడు.

"వాడు ఆమె చేతుల ఏందో పెట్టిండు. ఏందో అడుగు."

ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు. సూర్యారావు ఇచ్చింది ఏదో తమ్ముడు పెళ్లానికి దాచిపెడుతున్నాడని.

అక్క నా వైపు తిరిగింది. "ఏమిచ్చిండే నీకు?"

నేను అక్కకు జవాబు చెప్పలేదు. పళ్లెం కింద పెట్టాను. కొంగు జారితే సర్దుకోలేదు. ముగ్గు తొక్కుకుంటూ నేరుగా బావ ముందుకు పోయి నిలబడ్డాను. ఆయన అలవాటు కొద్దీ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, అరచేతిలో కడెం పెట్టాను.

"ఇదిచ్చిండు బావా."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావ కడెం వైపు చూశాడు. అలవాటైన వేలు ఊరుకోదు కదా, కడెం చుట్టూ తిరిగి అతుకు దగ్గర ఆగింది.

"గీ అతుకేంది?"

"గా దినం దవాఖానల కోసి తీసిండ్రు. చెయ్యి వాచి లోపటికి దిగింది. మళ్ల కోసే పని పెట్టొద్దని ఇయ్యాల ముందుగాలనే తీసిచ్చిండు." బాయిలర్ తలుపు వైపు చెయ్యి చూపించాను. "కిష్టప్ప ఉంచుకున్నది పలుపు కాదు బావా. మంటను చూసే కన్ను. అది పీకేసి తీగలు కలిపిండు. గా పొద్దు బొట్టు పెట్టేటప్పుడు నేను చూసిన. ఈయన గూడ చూసిండు."

బావ తమ్ముడి వైపు తిరిగాడు.

"తమ్మీ, నిజమేనా?"

"నిజమే అన్నా."

"ఎర్కుండి ముట్టియ్యనీకె వచ్చినవా?"

"నువ్వు కొన్నవ్ గదన్నా," అన్నాడు మా ఆయన.

బావ కొబ్బరికాయను నేల మీద మెల్లగా పెట్టాడు. పోయి గోడ మీది మెయిన్ స్విచ్ కిందికి దించాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను పెళ్లయి వచ్చాక ఆయన నన్ను సూటిగా చూడటం అదే మొదలు.

"గా పొద్దే నాకెందుకు చెప్పలేదు?"

"నీతోని మాట్లాడొద్దంటిరి గద బావా."

బావ కడెం అంగీ జేబులో వేసుకుని, రోడ్డు మీద ఆటో ఆపి, తమ్ముడిని ఎక్కించుకుని పోయాడు. కాజీపల్లిలో ఏం జరిగిందో మా ఆయన తర్వాత చెప్పాడు. కిష్టప్ప దాచలేదట. ఆ కన్ను ఊరికే బాయిలర్‌ను ఆపేస్తుంటే పని నడవడం లేదని పీకి పారేశాడట. ఎక్కడ పారేశాడో అతనికే గుర్తు లేదట.

"మరి పలుపన్నవ్ గదా," అన్నాడట బావ.

"నేననలే పటేలా. నువ్వే అన్నవ్."

బావ కిష్టప్పను తిట్టలేదట, కొట్టలేదట, వెనక్కి తిరిగి ఆటో ఎక్కాడట. పటాన్‌చెరు రాగానే, "సూర్యారావు ఆఫీసు ఏ గల్లీల ఉన్నది? నీకు ఎర్కే గద," అన్నాడట. మా ఆయన చెవులు మళ్లీ ఎర్రబడ్డాయట.

సూర్యారావు తన మెకానిక్‌తో వచ్చి కొత్త కన్ను పెట్టించాడు. కిష్టప్ప దగ్గర బాయిలర్ ఊరికే ఆగిపోవడానికి కారణం కూడా పట్టుకున్నాడు. డీజిల్ చల్లే నాజిల్ ముక్కు మూసుకుపోయి మంట నిలవడం లేదట, దాన్నీ మార్పించాడు. ఇదంతా అయ్యాక మా బావ మారిపోయాడని మీరు అనుకుంటే పొరపాటే. మంట మండుతుండగా కన్నును బయటికి లాగించి, గుడ్డ కప్పించి, డీజిల్ ఆగిందా లేదా అని మళ్లీ మళ్లీ చూపించుకున్నాడు. ఆగిన ప్రతిసారీ ఇంకోసారి అన్నాడు. చివరకు మంట ఆర్పించి, తలుపు మూయించి, "మొదలు నువ్వే ముట్టియ్యి," అని ఇస్త్రీ చొక్కాతో ఉన్న సూర్యారావునే బాయిలర్ ముందు నిలబెట్టాడు. అచ్చం కల్లు పోసినవాడిని తాగమన్నట్టే. సూర్యారావు నవ్వుతూనే ముట్టించాడు. తర్వాత బావ తానే ఒకసారి ఆర్పి ముట్టించాడు. ముఖం మాత్రం పక్కకు తిప్పుకునే మీట నొక్కాడు.

మా ఆయన వంతు వచ్చింది. బావ ఆయనను ఆపాడు. ఇన్ని రోజులూ జేబులోనే పెట్టుకుని తిరిగిన కడెం బయటికి తీశాడు. తమ్ముడి చొక్కా చెయ్యి మోచేతి దాకా పైకి మడిచాడు. ఆ కాలిన చర్మం మొత్తం ఆయన చూడటం అదే మొదలు. కట్టు ఉన్నప్పుడు కట్టునే చూశాడు, విప్పాక చొక్కానే చూశాడు. కడెం తొడగబోయి ఆగాడు.

"రాధా," అని పిలిచాడు, నా వైపు తిరగకుండానే. "గీడికి రా. ఇది నొయ్యకుంట తొడుగనీకె నాకొస్తలేదు."

నేను పోయి తొడిగాను. మా ఆయన కడెం ఉన్న చేత్తోనే మీట నొక్కాడు.